కుందేళ్ళు ‘వేరుపడటం’: స్పీసియేషన్‌కి ఈ మాట సరిపోతుందా?

ప్రశ్న: హైస్కూలు పిల్లల కోసం కుందేళ్ళ పరిణామం మీద వ్యాసం రాస్తున్నాను. ఒకే మూలం నుంచి వచ్చిన జంతువులు కాలక్రమంలో వేర్వేరు జాతులు కావడాన్ని (ఇంగ్లీషులో స్పీసియేషన్) తెలుగులో ఏమనాలండీ? ‘జాతుల ఉత్పత్తి’ అంటే ఫ్యాక్టరీ గుర్తొస్తోంది.

జవాబు: ‘జాతులుగా వేరుపడటం’ అనండి. అన్నదమ్ములు వేరుపడ్డారు అంటే ఒక ఇంట పుట్టినవాళ్ళు వేరు కుంపట్లు పెట్టుకున్నారని ఎవరికైనా అర్థమవుతుంది. మూలం ఒకటే అన్న సంగతి ఆ మాటలోనే ఉంది.

మీ వ్యాసానికి కొండ కుందేలు మంచి ఉదాహరణ. శాస్త్రీయ నామం లీపస్ టిమిడస్. మంచుయుగంలో అది ఐరోపాలో ఇప్పటికన్నా చాలా దక్షిణం దాకా తిరిగేది. మంచు వెనక్కి తగ్గాక స్కాండినేవియా, స్కాట్లాండ్, ఐర్లండ్, ఆల్ప్స్ పర్వతాల లాంటి చోట్ల మిగిలింది. మధ్యలో వెచ్చని మైదానాలు, సముద్రం అడ్డొచ్చాయి. చాలాచోట్ల ఇది చలికాలంలో తెల్లబడుతుంది. ఐర్లండ్‌లో మంచు తక్కువ, గోధుమరంగు నేల మీద తెల్ల కుందేలు శత్రువుకి దూరం నుంచే కనబడిపోతుంది. అందుకే అక్కడివి చాలావరకు గోధుమరంగులోనే ఉంటాయి. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల సంగతి ఇంకా ఆశ్చర్యం. 1855లో నార్వే నుంచి తెచ్చి వదిలిన కుందేళ్ళలో మొదట్లో చలికాలంలో తెల్లబడేవి ఉండేవి, కొన్ని దశాబ్దాలకే ఆ అలవాటు పోయింది. అయినా ఇవి ఇంకా కొత్త జాతులు కాలేదు. ఐర్లండ్‌ది ఉపజాతి మాత్రమే. వేరుపడటం ఒక్కరోజులో తేలే వ్యవహారం కాదని పిల్లలకు తప్పక చెప్పండి.

ప్రశ్న: మరి ‘విడిపోవడం’ అంటే ఇంకా తేలిక కదా?

జవాబు: తేలికే కానీ, విడిపోవడంలో తెగిపోయిన ధ్వని ఉంది. వేరుపడ్డ అన్నదమ్ములు పెళ్ళిళ్ళకు కలుస్తారు. కుందేళ్ళలోనూ అలాంటి కలయికలు జరిగాయి. ఉత్తర అమెరికాలో స్నోషూ హేర్ అనే కుందేలు చలికాలంలో తెల్లబడుతుంది, పసిఫిక్ తీరం వైపు మాత్రం గోధుమరంగులోనే ఉండేవి ఉన్నాయి. ఆ గుణం ఇచ్చే, బొచ్చు రంగుకు సంబంధించిన అగూటీ జన్యువు రూపం ఎప్పుడో నల్లతోక జాక్‌రాబిట్ అనే మరో జాతితో సంకరం వల్ల వచ్చిందని 2018లో తేలింది. స్పెయిన్ సంగతి చూడండి. అక్కడ కొండ కుందేలు ఇప్పుడు లేనే లేదు, కానీ తల్లి నుంచి పిల్లలకు వచ్చే దాని మైటోకాండ్రియా డీఎన్‌ఏ స్థానిక ఐబీరియన్ కుందేళ్ళలో కనిపిస్తోంది. నాకు ఇది చాలా ఇష్టమైన విషయం. ‘విభజన’ అని రాస్తే ఎవరో గీత గీసి పంచినట్టు ఉంటుంది, ఈ కథ అందులో ఇమడదు.

ఇంకో మాట. జాక్‌రాబిట్ పేరులో రాబిట్ ఉన్నా అది హేరే. తెలుగులో హేర్, రాబిట్ రెంటినీ కుందేలు, చెవులపిల్లి అనేస్తాం కాబట్టి మీరు హేర్‌ని ‘అడవి కుందేలు’, రాబిట్‌ని ‘పెంపుడు కుందేలు’ అని విడదీస్తే మంచిది. మన చేలల్లో మెడ వెనక నల్లమచ్చతో పరుగెత్తేది హేర్, దాని పిల్లలు బొచ్చుతో, కళ్ళు తెరుచుకుని పుడతాయి. ఇళ్ళలో పెంచే తెల్లవాటి పిల్లలకు పుట్టినప్పుడు బొచ్చూ ఉండదు, కళ్ళూ తెరుచుకోవు.

ప్రశ్న: ఒక జాతి గుంపులు ఒకదానికొకటి దూరమైపోవడాన్ని, అంటే ఐసొలేషన్‌ని, ఏమనాలి?

జవాబు: ‘ఏకాంతం’ వద్దండీ, అది మనిషి మనసుకు సంబంధించింది. ‘ఎడంకావడం’ అంటే సరిపోతుంది: ఎడమై, తర్వాత వేరుపడ్డాయి.