కోటా బియ్యంలో తేలే గింజలు: ఏరి పారేస్తున్నారా, వండుతున్నారా?

సింగ్‌నగర్ అమ్మ:
మాది విజయవాడ. నిన్న కోటా బియ్యం కడుగుతుంటే కొన్ని గింజలు పైకి తేలాయి. మా అత్తయ్యగారు వాటిని తీసి, "ప్లాస్టిక్ బియ్యం, పిల్లకి పెట్టకు" అంటూ పారబోశారు. మా పాప పదో తరగతి. మొన్న రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 9 వచ్చింది, అంటే రక్తం తక్కువ. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ఆ గింజలు అసలేంటి? మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

గుంటూరు అంగన్‌వాడీ టీచర్:
అయ్యో, పారేయకండమ్మా. పాపకి కావాల్సిందే అవి. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్లు కలిపి, మిషన్లో మళ్లీ గింజలా ఒత్తుతారు. వంద గింజలకి ఒకటి చొప్పున, అంటే కిలోకి 10 గ్రాములు, మామూలు బియ్యంలో కలుపుతారు. అలా కలిపాక కిలోలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని రూలు. మా సెంటర్లో కూడా తల్లులు చేటలో పోసి ఒక్కొక్కటే ఏరేసేవాళ్లు. ఎంత చెప్పినా వినేవాళ్లు కాదు. చివరికి ఏరిన గింజలన్నీ గిన్నెలో వేసి వాళ్ల ముందే ఉడికించాను. పది నిమిషాల్లో మెత్తబడ్డాయి, వేళ్లతో నలిపితే అన్నం మెతుకే. ప్లాస్టిక్ అయితే అలా నలుగుతుందా? మీ అత్తయ్యగారి ముందు కూడా అలాగే చేసి చూపించండి. మాటలతో నమ్మరు, పెద్దవాళ్లు.

సింగ్‌నగర్ అమ్మ:
రంగు కూడా కొంచెం పసుపుపచ్చగా ఉంది టీచర్‌గారూ, అదే అనుమానం.

గుంటూరు అంగన్‌వాడీ టీచర్:
లోపల కలిపినవాటి వల్ల ఆ తేడా వస్తుందమ్మా. పిండితో చేసిన గింజ కాబట్టి తేలికగా ఉండి తేలుతుంది కూడా. ఇంకోమాట, గంజి వార్చకండి. వారిస్తే విటమిన్లు కొంత దాంతోనే పోతాయి. అత్తెసరు పెట్టుకోండి.

తెనాలి ల్యాబ్ తమ్ముడు:
అక్కా, ఒకటి గట్టిగా చెప్తాను. 9 ఉన్నప్పుడు బియ్యం ఒక్కటే సరిపోదు. ఇలా కలిపిన తిండి లోపం రాకుండా కాపాడటానికి, వచ్చాక మందు మందే. డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు మానొద్దు. అన్నం తినగానే టీ అస్సలు ఇవ్వకండి, ఇనుము ఒంటికి సరిగా పట్టదు. పప్పులో నిమ్మకాయ పిండండి, లేదా ఒక జామకాయ ఇవ్వండి. నులిపురుగుల మాత్ర వేశారా? బళ్లో ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇస్తారు, చాలామంది పిల్లలు ఆ రోజు ఎగ్గొడతారు.

బ్రాడీపేట నాన్న:
మా బాబుకి థలసీమియా. నెలనెలా రక్తం ఎక్కిస్తాం, దాంతోనే ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది. అందుకే వాడికి ఏ బియ్యం పెట్టాలో డాక్టర్‌ని అడిగే వండుతున్నాం. మిగతావాళ్లు భయపడక్కర్లేదు, ఇలాంటి పిల్లలున్న ఇళ్లవాళ్లు మాత్రం తప్పక అడగండి.

పటమట వంటిల్లు:
ఉప్పు సంగతి ఎవరూ అనలేదు, అందులోనూ అయోడిన్ కలుపుతారు కదా. మా అమ్మ రాళ్ల ఉప్పు కుండలో మూత లేకుండా పొయ్యి పక్కనే పెట్టేది. అయోడిన్ ఉప్పుని అలా పెడితే వేడికీ తేమకీ అయోడిన్ తగ్గిపోతుంది. ఇప్పుడు నేను మూతున్న సీసాలో పోసి, కూర దించే ముందు వేస్తున్నాను. పాలు, నూనె కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్లస్ ఎఫ్ గుర్తు చూస్తాను. ఆ గుర్తున్న వాటిలో ఎ, డి విటమిన్లు కలుపుతారు.

సింగ్‌నగర్ అమ్మ:
ఈ పొద్దున ఉడికించి చూపించాను. అత్తయ్యగారు రెండు మెతుకులు నోట్లో వేసుకుని నమిలి, "అన్నమే" అన్నారు. మధ్యాహ్నం ఆవిడే అత్తెసరు పెట్టారు. పాపకి పప్పులో నిమ్మకాయ పిండి పెట్టాను. సాయంత్రం టీ మాత్రం మాననంటోంది. ఎలా మాన్పించారో చెప్పండి ఎవరైనా.

తెనాలి ల్యాబ్ తమ్ముడు:
మాన్పించక్కర్లేదక్కా. అన్నం తిన్నాక, మాత్ర వేసుకున్నాక రెండు గంటలు ఆగి టీ ఇవ్వండి చాలు.