ఏనాటి ‘కీడు’? ఏనాటి ‘కూడు’?

రాజాం నుంచి

బైబిల్లో మత్తయి సువార్త ఆరో అధ్యాయం ఆఖరి వాక్యం గురించి ఒక సందేహం. మా మామ్మ దాన్ని ‘ఏనాటి కూడు ఆనాటికి సాలు’ అని చెప్పేది. బియ్యం డబ్బా అడుగంటినా, వలస వెళ్లిన తాతయ్య దగ్గర్నుంచి మనియార్డరు రాకపోయినా అదే మాట. నేను ఈఎంఐల లెక్కలు వేసుకుని టెన్షన్ పడుతుంటే ‘రేపటి కూడు ఇయ్యాలే తినీగలవా?’ అని అడిగేది. మొన్న గృహకూడికలో మా అబ్బాయి బైబిలు తీసి చదివితే ‘ఏనాటికీడు ఆనాటికి చాలును’ అని వచ్చింది. గుడిదీర్ఘం పోయి కొమ్ముదీర్ఘం వస్తే అర్థం ఇంత మారిపోతుందా? కూడు అంటే తిండి, వింటే ధైర్యం. కీడు అంటే పూర్తిగా వేరే మాట. పాత అనువాదాల్లో ఎక్కడైనా ‘కూడు’ ఉందా? మామ్మకి చదువు రాదు, ఆదివారం ఆరాధనలో చెవిన పడ్డదే.

పాలకొండ మాస్టారు

‘కీడు’ అని కూడా అంత తొందరగా ఒప్పుకోకమ్మా. మీరే రాశారు, ‘ఏనాటికీడు’ అని కలిపి ఉంది. దాన్ని రెండు రకాలుగా విడదీయొచ్చు. ఏనాటి, కీడు అని ఒకటి. ఏనాటికి, ఈడు అని రెండోది. ఇకార సంధి చక్కగా కుదురుతుంది. ఈడు అంటే వయసు ఒక్కటే కాదు, సాటి, తగినది అని కూడా. ‘ఈడూజోడూ’లో ఉన్నది అదే. ‘ఏ నాటికి తగినది ఆ నాటికి చాలును’. ఈ విరుపులో మీ మామ్మగారి కూడూ ఇముడుతుంది, కష్టమూ ఇముడుతుంది. చాలాకాలంగా నేను ఇలాగే చదువుకుంటున్నాను.

బొబ్బిలి అయ్యగారు

మాస్టారూ, సంధి కుదిరింది గానీ మూలం ఒప్పుకోదు. గ్రీకులో అక్కడున్న మాట ‘కకియా’. దాన్ని ఈడు చెయ్యలేం, కూడూ చెయ్యలేం. ఆశ్చర్యం వేరే చోట ఉంది. కొత్త నిబంధనలో ఈ కకియాని చాలాచోట్ల మనిషి మనసులో ఉండే చెడుకి వాడారు. ‘దుష్టత్వము విషయమై శిశువులుగా ఉండుడి’ అని మొదటి కొరింథీ పద్నాలుగులో ఉంది కదా, ఆ దుష్టత్వమూ ఇదే. మత్తయి దగ్గరికి వచ్చేసరికి మన అనువాదకులు దుష్టత్వము అనలేదు, కీడు అన్నారు. సరిగ్గా పట్టుకున్నారు. ప్రసంగి 12:1లో ‘దుర్దినములు’ ఉన్నచోట పాత నిబంధన గ్రీకు అనువాదం కూడా ‘కకియా దినాలు’ అనే అంటుంది. మనిషి చేసే పాపం కాదు, మనిషి మీద వచ్చి పడే కష్టం. ‘మనము దేవునివలన మేలు అనుభవించుదుమా, కీడును మనము అనుభవింప తగదా’ అని యోబు భార్యతో అన్నప్పటి కీడు.

రాజాం అమ్మా, మీ అబ్బాయి చదివిందే సరైన పాఠం. ఇవాళ కష్టం ఉండదని ప్రభువు చెప్పలేదు. ఇవాళ్టి కష్టానికి ఇవాళే హద్దు అన్నాడు.

విజయనగరం కోట దగ్గర

పాఠం గురించి మాట్లాడేటప్పుడు ఏ అనువాదమో ముందు చెప్పుకోవాలి. తెలుగు సువార్తలకి మన వైపుతో చాలా సంబంధం ఉంది. క్రాన్, డెగ్రాంజ్ అనే మిషనరీలు 1805లో విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయరు తోడుగా సువార్తల పని చేశారు. క్రాన్ 1809లో శ్రీకాకుళంలోనే కన్నుమూశారు, మరుసటి ఏడు డెగ్రాంజ్ పోయారు. మత్తయి, మార్కు, లూకా 1812లో సెరంపూరులో అచ్చయ్యాయి. ఇద్దరూ ఆ అచ్చు చూడలేదు. పరాయి దేశంలో, ఎన్నాళ్లు బతుకుతారో తెలియకుండా ‘రేపటినిగూర్చి చింతింపకుడి’ అనే వాక్యానికి తెలుగు వెతికిన మనుషులు వాళ్లు. ఆ ప్రతి చూసినవాళ్లు ఉంటే ఆరో అధ్యాయం పేజీ ఇక్కడ పెట్టండి. ‘చాలును’ అని ఉందా, ‘చాలు’ అని ఉందా అన్నది నాకు ముఖ్యం. ‘ను’ ఉంటే వాక్యం తీర్పులా వినిపిస్తుంది, లేకపోతే ఓదార్పులా.

పాలకొండ మాస్టారు

‘ను’ ఉంటే తీర్పు, లేకపోతే ఓదార్పు అనడం బాగుంది, కానీ అది గ్రాంథికపు అలవాటు మాత్రమే. ఇలాంటి విషయంలో నేను గిడుగు వారి పక్షం. 1863లో మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చుకుని వాళ్ల కోసం పుస్తకాలు రాసిన మనిషి ఆయన. నోటి మాటకి విలువ ఇవ్వమని జీవితమంతా పోరాడారు. ఆ లెక్కన మామ్మగారి ‘సాలు’ కూడా ఒక పాఠమే. ఈడు సంగతి మాత్రం నేను వదల్లేదు అయ్యగారూ. మూలానికి ‘కీడు’ సరిపోవచ్చు, తెలుగు చెవికి ‘ఈడు’ వినబడకుండా ఎలా ఉంటుంది?

కవిటి నుంచి

నేను భాష చదువుకున్నదాన్ని కాదు, అయినా ఒక మాట చెప్తాను. మాది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా కొబ్బరి, జీడి చాలావరకు పోయాయి. కొబ్బరి మొక్క పెడితే కాపుకి ఏళ్లు పడుతుంది. తుఫాను తర్వాత సంఘంలో ఇదే అధ్యాయం చదివితే నాకు కోపం వచ్చింది. రేపటి గురించి ఆలోచించకపోతే మొక్క ఎవరు పెడతారు?

ఇప్పుడు మా ఆయనకి డయాలసిస్. మా వైపు కిడ్నీ జబ్బు సంగతి మీకందరికీ తెలిసిందే. ఇప్పుడు అదే వాక్యం నాకు వేరేగా వినబడుతోంది. డయాలసిస్ ఉన్న రోజు పొద్దున్నే ఆటో మాట్లాడాలి, తాగే నీళ్లు కొలిచి ఇవ్వాలి, ఇంటికి వచ్చాక ఆయన నాలుగు ముద్దలు తిన్నారో లేదో చూసుకోవాలి. అంతవరకే నా పని. వచ్చే ఏడాది ఎలా ఉంటుందో అని ఇవాళే కూర్చుని ఏడిస్తే ఆటో మాట్లాడటం కూడా నాకు చేతకాదు. మొక్కలూ పెట్టాం. పెట్టడం మా వంతు, దాని గురించి రాత్రంతా మేలుకోవడం మా వంతు కాదు.

నాకు ‘కీడే’ కావాలి. ఆ మాట ఉంది కాబట్టే ఆ వాక్యాన్ని నమ్ముతాను. కష్టం పేరెత్తని ఓదార్పు మా ఇంట్లో పనిచెయ్యదు.

బొబ్బిలి అయ్యగారు

అమ్మా, మీరు రాసింది ఈ ఆదివారం మా సంఘంలో చదువుతాను, మీ పేరు చెప్పకుండా.

మొక్క గురించి మీకు వచ్చిన కోపం న్యాయమైనదే. చీమల దగ్గరికి వెళ్లి నేర్చుకోమని సామెతల గ్రంథమే చెప్తుంది. అవి ఎండకాలంలోనే తిండి సిద్ధం చేసుకుంటాయి. కాబట్టి ‘చింత’ అంటే ముందుచూపు కాదు. మనసుని కొరుక్కుతినే దిగులు. ఇక్కడ తెలుగు మనకి ఒక మంచి చిక్కు పెట్టింది. మొదటి పేతురు 5:7 చూడండి: ‘ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి’. గ్రీకులో మన చింతకి ఒక మాట, దేవుని చింతకి వేరే మాట. మనది దిగులు, ఆయనది పట్టించుకోవడం. తెలుగులో రెండిటికీ ఒకటే మాట పడింది. కొంతమంది దీన్ని లోపం అంటారు. నాకు మాత్రం చదివిన ప్రతిసారీ, నా దిగులు నా చేతిలోంచి వెళ్లి ఆయన చేతిలో శ్రద్ధగా మారినట్టుంటుంది.

పొందూరు నుంచి

ఇదే అధ్యాయంలో ఇరవై ఎనిమిదో వచనం ఎవరూ ఎత్తలేదేం? ‘అవి కష్టపడవు, ఒడకవు’. చిన్నప్పుడు మా ఇంట్లో దాన్ని ‘వణకవు’ అనే అనుకునేవాళ్లం. అడవిపువ్వులు గాలికి భయపడి వణకవు అని. మా అమ్మ నూలు వడికే మనిషి. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, ఏకులు చేసి, రాట్నం ముందు కూర్చుంటే తప్ప కూలి రాదు. ఒడకవు అంటే నూలు వడకవు అని పాస్టరుగారు చెప్పిన రోజు అమ్మ చాలా బాధపడింది. ‘మరి నేను వడుకుతున్నాను కదా, అది తప్పా?’ అని అడిగింది. తర్వాత ఆవిడే ఒక అర్థం చెప్పుకుంది. తర్వాతి వచనంలోని సొలొమోను రాజు బట్టల కన్నా పువ్వు రేకు సన్నం అని ఒప్పుకోవాలంటే సన్న నూలు తీసినవాళ్లే ఒప్పుకోవాలి, ఆ పని ఎంతటిదో వాళ్లకే తెలుసు అని. నాకు ఏ వ్యాఖ్యానంలోనూ ఇంత మంచి మాట దొరకలేదు.

పాలకొండ మాస్టారు

అమ్మగారికి నమస్కారం చెప్పండి. మీరు చిన్నప్పుడు విన్నదానికీ ఆధారం ఉంది. అరసున్నతో ‘వడఁకు’ అంటే వణకడం, అరసున్న లేకుండా ‘వడకు’ అంటే నూలు తీయడం. అచ్చులో అరసున్నలు పోయాక రెండూ ఒకటైపోయాయి.

ఆమదాలవలస నుంచి

అందరూ బైబిలు అచ్చు పట్టుకుని మాట్లాడుతున్నారు. చదువురాని మామ్మలకి వాక్యం ఎక్కువగా పాటలోంచి వచ్చింది. కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890 దాకా ఉన్నారు, పర్లాకిమిడి వైపు మనిషి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా కీర్తనల మీద రాగం, తాళం వేసి ఉంటాయి. మా తాతయ్యకి అక్షరం రాకపోయినా చౌదరి గారి కీర్తనలు చరణాలతో సహా వచ్చు. కరెంటు లేని రోజుల్లో లాంతరు చుట్టూ కూర్చుని పల్లవి ఆయన ఎత్తితే మేం అందుకునేవాళ్లం. పాటలో పడ్డ మాట నోట్లో నానుతుంది, నానేకొద్దీ తీరు మారుతుంది. రాజాం అమ్మగారి ‘కూడు’ అలా వచ్చిందే అని నా నమ్మకం.

విజయనగరం కోట దగ్గర

చౌదరి గారి మీద నాకూ అంతే ప్రేమ. ఆయన కీర్తనల్లో త్యాగరాజు వరసలో నిలబెట్టగలిగినవి ఉన్నాయని నేను ఎక్కడైనా వాదిస్తాను. కానీ కూడు కోసం అంత దూరం వెళ్లక్కర్లేదు. నిర్గమకాండం 16:4 తెరవండి. ఎడారిలో ఇశ్రాయేలీయులకి ఆకాశం నుంచి కురిసిన ఆహారం మన్నా గురించి: ‘ఏనాటి బత్తెము ఆనాడే కూర్చుకొనవలెను’. మత్తయి వాక్యం: ‘ఏనాటికీడు ఆనాటికి చాలును’. రెండు వాక్యాల నడక ఒకటే. మామ్మగారి చెవిలో రెండూ కలిసిపోయాయి. బత్తెము తీసి తన ఇంటి మాట ‘కూడు’ పెట్టుకున్నారు.

రాజాం నుంచి

చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. మన్నా కథ మామ్మకి చాలా ఇష్టం. తెల్లారేదాకా దాచుకున్నవాళ్లకి పురుగు పట్టిందని చెప్పేటప్పుడు ముక్కు మూసుకుని చూపించేది. అయితే ఆవిడ పొరపాటు పడిందంటారా, రెండు వాక్యాలు తెలిసే కలిపిందంటారా?

బొబ్బిలి అయ్యగారు

కోట దగ్గరి వారు మంచి చోటు చూపించారు. ఇంకో చోటు కూడా కలపాలి. ఇదే మత్తయి ఆరులో ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ ఉంది. అక్కడ ‘అనుదిన’ అన్నచోట గ్రీకులో ఉన్న మాట ప్రభువు ప్రార్థనలో తప్ప కొత్త నిబంధనలో ఇంకెక్కడా లేదు. ‘రాబోయే రోజుకి’ అని కూడా దానికి అర్థం చెప్పేవాళ్లున్నారు. అంటే రేపటి కూడు గురించి దిగులు వద్దు గానీ, దాన్ని ఇవాళే తండ్రిని అడగొచ్చు. మన్నాలోనూ ఆరో రోజున రెండంతలు ఏరుకోమన్నాడు, ఏడో రోజు విశ్రాంతి కాబట్టి. అమ్మా, మామ్మగారిది పొరపాటు అని నేను అనను. కూడూ కీడూ రెండూ రోజు కొలతలోనే వస్తాయని ఆవిడకి తెలుసు.

పాలకొండ మాస్టారు

బత్తెము మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. అది ‘భక్తము’ నుంచి వచ్చిందని నా ఊహ. భక్తమంటే వండిన అన్నం. కాబట్టి బత్తెము అన్నా కూడు అన్నా ఒకటే, మామ్మగారు మాట మార్చనే లేదు.

విజయనగరం కోట దగ్గర

మాస్టారూ, నేను ఒప్పుకోను. అది భృతి, భత్యం వైపు మాట. పనివాడికి రోజుకింత అని ఇచ్చేది. మన్నా కూలి కాదు, కృప. అందుకే అక్కడ బత్తెము అని ఎందుకు పెట్టారా అని నాకు ఎప్పుడూ సందేహమే.

ఆమదాలవలస నుంచి

లారీ డ్రైవర్లకి జీతం కాక ఏ రోజుది ఆ రోజు చేతిలో పెట్టే బత్తా ఉంది కదా. అది కూలి కాదు, దారిలో తిండికి. బత్తా, బత్తెము ఒకటేనా? ఒకటే అయితే ఎడారి ప్రయాణంలో ఉన్నవాళ్లకి అంతకన్నా సరిపోయే మాట లేదు.

పాలకొండ మాస్టారు

బత్తా, బత్తెము ఒకటో కాదో నేను తేల్చి చెప్పలేను. పాత కరణాల లెక్కల్లో బత్తెం ఖర్చు అని రాసేవారు. ఎవరింట్లోనైనా అలాంటి చిట్టాలు ఉంటే ఫొటో పెట్టండి, ధాన్యంగా ఇచ్చారో రొక్కంగా ఇచ్చారో చూద్దాం.