సీ భాషలో పూర్ణాంకాలు దాచే ఇంట్ ల్యాబ్‌లో 2 బైట్లు, నా లాప్‌టాప్‌లో 4. పరీక్షలో ఏది రాయాలి?

మూడో బెంచీ:
మాది ఒక ప్రాంతీయ ప్రభుత్వ విశ్వవిద్యాలయం. కంప్యూటర్ అండ్ ఇన్ఫర్మేషన్ సైన్సెస్, మొదటి ఏడాది. ల్యాబ్‌లో ఇంకా టర్బో సీ అనే పాత కంపైలరే (కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాం). పాత డాస్ ప్రోగ్రాంలు నడిపే డాస్‌బాక్స్‌లో నీలం తెర, మౌస్ దాని ఇష్టం. నిన్న ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం రాశాను. 7కి 5040 వచ్చింది. 8కి 40320 రావాలా, మైనస్ 25216 వచ్చింది! తప్పు లూప్‌లోనే ఉందనుకుని గంటన్నర దాన్నే గెలికాను. అదే కోడ్ రూముకొచ్చి జీసీసీ అనే ఇప్పటి కంపైలర్‌లో నడిపితే 40320 శుభ్రంగా వచ్చింది. రికార్డులో మాత్రం ఇంట్ అంటే 2 బైట్లు అని రాయించారు. వైవాలో 4 అన్నవాడికి మార్కు పోయింది. ఏది రాయను? ఇంకోటి, కాస్త సిగ్గుపడుతూనే అడుగుతున్నా: ఇలాంటి చోట చదివితే వెనకబడిపోతానా?

పాత కంపైలర్:
తమ్ముడూ, నేనూ ఆ నీలం తెర ముందు నుంచి వచ్చినవాడినే. రెండూ కరెక్టే. ఇంట్‌కి ఇన్ని బైట్లు అని సీ ప్రమాణంలో ఎక్కడా లేదు. కనీసం మైనస్ 32767 నుంచి 32767 దాకా పట్టాలి, అంతే. టర్బో సీ 1987 నాటిది, 16 బిట్ల 8086 కాలం సరుకు. దాని ఇంట్ 32767 దగ్గరే ఆగుతుంది, 40320 అందులో పట్టదు. 40320లోంచి 65536 (16 బిట్లలో పట్టే మొత్తం విలువలు) తీసెయ్, నీ మైనస్ 25216 వస్తుంది.

పరీక్షలో "కంపైలర్‌ని బట్టి మారుతుంది, టర్బో సీలో 2 బైట్లు" అని రాయి. దిద్దేవాళ్ళకి 2 కనపడుతుంది, నువ్వు అబద్ధం రాసినట్టూ ఉండదు.

అలాగని జీసీసీని నెత్తిన పెట్టుకోకు. 13 ఇచ్చి చూడు. 1932053504 వస్తుంది, అసలు జవాబేమో 6227020800. మైనస్ వస్తే కనీసం అనుమానం పుడుతుంది. ఇది బుద్ధిమంతుడిలా కూర్చుంటుంది. ఇంకా పెద్ద పూర్ణాంక రకం లాంగ్ లాంగ్ పెడితే 20 దాకా లాగుతావు, 21 దగ్గర మళ్ళీ ఇదే కథ.

సెగ్‌ఫాల్ట్:
చిన్న సవరణ. సైన్డ్ ఇంట్ పొంగితే ఏం జరగాలో ప్రమాణం చెప్పదు. కాబట్టి ఆ 1932053504 కూడా వచ్చి తీరుతుందని హామీ లేదు. జీసీసీలో అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ (ఇలాంటి తప్పులు పట్టే తనిఖీ) పెట్టి నడుపు, ఏ లైన్లో పొంగిందో అదే చెబుతుంది.

రాత్రి డ్యూటీ:
పాత ల్యాబే మేలని పిల్లవాణ్ణి ఓదార్చకండి. వెనకబడతావు బాబూ, పట్టించుకోకపోతే. గిట్ (కోడ్‌లో ప్రతి మార్పునీ దాచి ఉంచే సాధనం) 2005 నుంచి ఉంది, మా మూడేళ్ళ చదువులో ఆ పేరే వినలేదు. "ప్రాజెక్ట్ ఫైనల్ కొత్తది 2" అని ఫోల్డర్లు పెట్టుకున్న బ్యాచ్ మాది. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే మర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట ఇద్దరి మార్పులు ఢీకొనడం) వస్తే పక్కవాడి కోడ్ చెరిపేశాను. సిలబస్‌లోకి వస్తుందని కూర్చోకు. ఆ ఫ్యాక్టోరియల్‌నే ఇవాళ గిట్‌లో పెట్టు.

మూడో బెంచీ:
పెట్టాను. 13 కూడా చూశాను, నిజంగానే భయమేసింది. రెండు అవుట్‌పుట్లూ పక్కపక్కన పెట్టి ల్యాబ్ సార్‌కి చూపించా. ఆయన కాసేపు చూసి, "రికార్డు మార్చకు, ఎక్స్‌టర్నల్‌కి 2 అనే ఉండాలి. వచ్చే ల్యాబ్‌లో మాత్రం ఇది నువ్వే చెప్పు" అన్నారు. టూస్ కాంప్లిమెంట్ (మైనస్ సంఖ్యల్ని బిట్లలో రాసే పద్ధతి) ముందు చెప్పాలా అన్నా, తర్వాతా?

పాత కంపైలర్:
తర్వాత. ముందు మైనస్ 25216 అని బోర్డు మీద రాసి రెండు నిమిషాలు ఊరుకో.