కొబ్బరికి ఏది పెద్ద శత్రువు: మొదలు కుళ్లా, ఆకు పురుగా?

సింగరాయకొండ రైతు: మా తోటలో రెండూ ఉన్నాయి. చేతిలో ఉన్న డబ్బు ఒకదానికే సరిపోతుంది. దేని మీద పెట్టమంటారు? దారిన పోయేవాళ్లు ఎండిన మట్టలు చూసి ‘తోటకు నిప్పంటుకుందా’ అని అడుగుతున్నారు.

ఇందుకూరుపేట: పురుగు మీదే. ఎండిన ఆకును తిరగేసి చూడండి. పట్టుదారంతో, రెట్టతో కట్టుకున్న సన్నని గొట్టం ఉంటుంది, చీలిస్తే లోపల నల్లతల గొంగళి. తల్లి బూడిదరంగు చిన్న రెక్కల పురుగు, గాలికి ఎగిరి తోటంతా తిరుగుతుంది. మొదలు కుళ్లు తెచ్చే గానోడెర్మా బూజుకు ఆ వేగం ఎక్కడిది?

కొత్తపట్నం: వేగం చూసి మోసపోవద్దు అన్నా. పురుగు గీకిన చెట్టు మళ్లీ కొత్త మట్ట వేస్తుంది. మా పెరటి చెట్టు మొదట్లో ఎర్రటి జిగురు కారితే చెదలనుకొని కిరోసిన్ పోశాం. మరుసటి వానలకు అక్కడే లక్క పూసినట్టు మెరిసే పుట్టగొడుగు లేచింది. అప్పటికే మాను లోపల గుల్ల. కొట్టేసి, మొద్దును మాత్రం భూమిలోనే వదిలేశాం. వేళ్ల మీదుగా పక్క చెట్టుకూ పాకింది.

ఇందుకూరుపేట: ముదిరాక మందు లేని జబ్బుకు డబ్బు పోయమంటారా?

కొత్తపట్నం: డబ్బు కాదు, పార కావాలి. చచ్చిన చెట్టును వేళ్లతో సహా పెకలించి కాల్చాలి. జబ్బు చెట్టు చుట్టూ రెండడుగుల లోతు కందకం తీయాలి. పక్కవాటి పాదుల్లో ఐదేసి కిలోల వేపపిండి వేసి, మైలుతుత్తం, సున్నం కలిపిన ఒక శాతం బోర్డో మిశ్రమం చెట్టుకు నలభై లీటర్లు పోయాలి. ఒక పాదు నీళ్లు ఇంకో పాదులోకి పారనివ్వకండి, రోగాన్ని అవీ మోస్తాయి.

ఇందుకూరుపేట: ఇది మాత్రం ఒప్పుకుంటాను. పురుగుకు కూడా ఘాటు మందులు కొట్టకండి, దాన్ని తినే బదనికలు, అంటే దాని మీద బతికే చిన్న కందిరీగలు, చచ్చి పురుగు ఇంకా పెరుగుతుంది. గోనియోజస్ బదనికలు తెచ్చి వదలండి, పురుగు పట్టిన పాత మట్టలు కోసి కాల్చండి.

సింగరాయకొండ రైతు: రేపు ముగ్గురు కూలీలను పిలిచి మూడు మొద్దులు తవ్విస్తాను. మిగిలిన డబ్బుకు బదనికలు. మందు కొట్టే ఆయనకు ఇప్పుడే ఫోన్ చేసి రావద్దని చెప్పాను, కోపం వచ్చినట్టుంది.