ఇంటి కాఫీ మెషీన్‌లో పాల నురగ నిలవకపోవడం గురించి

పటమట వాసి:
మా మెషీన్‌లో డికాక్షన్ చక్కగానే దిగుతోంది కానీ, పాలకు ఆవిరి పట్టినప్పుడు పెద్ద పెద్ద బుడగలు లేచి, కప్పులో పోసేలోపే చితికిపోతున్నాయి. ఫుల్ క్రీమ్ ప్యాకెట్ పాలను కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి వాడుతున్నాము. లోపం పాలలో ఉందా, మెషీన్‌లో ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

బ్రాడీపేట వాసి:
ముందు పాల సంగతి చూడండి. నురగను నిలబెట్టేవి పాలలోని ప్రోటీన్లు. కాచిన పాలలో వాటిలో కొంత భాగం తొరకలోకి చేరిపోతుంది, పైగా ఎంత జాగ్రత్తగా వడగట్టినా మిగిలే మీగడ తునకలు బుడగలను తెంచేస్తాయి. 3 శాతం వెన్న ఉండే టోన్డ్ పాల ప్యాకెట్‌ను అప్పటికప్పుడు కత్తిరించి, కాచకుండా నేరుగా ఆవిరి పట్టి చూడండి. అవి పాశ్చురైజ్ చేసిన పాలే కనుక భయం లేదు, కానీ ఇంటికి వచ్చి పోసే గేదె పాలతో మాత్రం ఇలా చేయకండి, వాటిని కాచి తీరాలి. రుచి 6 శాతం వెన్న ఉన్న ఫుల్ క్రీమ్ పాలదేనని నేనూ ఒప్పుకుంటాను. అయినా చేయి కుదిరేవరకు టోన్డ్ పాలే మేలు.

గవర్నర్‌పేట వాసి:
మన బెజవాడ ఎండల్లో ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు ఎంతోసేపు చల్లగా ఉండవు కాబట్టి, స్టీలు జగ్గును కూడా ఫ్రిజ్‌లోనే ఉంచి, సగానికి మించకుండా పాలు పోయండి. గాలి ఎక్కించవలసినది పాలు చల్లగా ఉన్నంతసేపే. ఆవిరి గొట్టం కొనను పాల పైభాగానికి కాస్త కిందుగా ఉంచితే సన్నగా బుస్సుమనే శబ్దం వస్తుంది. జగ్గు చేతికి గోరువెచ్చగా తగలగానే కొనను కొంచెం లోతుకు దించి, పాలు సుడి తిరిగేలా పట్టుకోవాలి. 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఆపేయండి. 70 దాటితే నురగ పలచబడడమే కాక, పాలకు ఉడుకు వాసన వస్తుంది.

గుంటూరు, లక్ష్మీపురం వాసి:
పెద్దలు చెప్పినవన్నీ సరైనవే, అయితే గొట్టాన్ని చూడకుండా పాలను మార్చి ప్రయోజనం లేదు. ఇళ్లలో వాడే చాలా మెషీన్లలో గొట్టానికి ఒక తొడుగు ఉంటుంది. దాని పైభాగంలో గాలిని లాగే సన్నని రంధ్రం పాల జిడ్డుతో పూడుకుపోతే, ఆవిరి ఎంత జోరుగా వచ్చినా నురగ రాదు. తొడుగును ఊడదీసి, వేడినీటిలో నానబెట్టి, సూదితో శుభ్రం చేయండి. బోరు నీరు పోస్తున్నట్లయితే లోపల సున్నం పేరుకుని ఆవిరి ఒత్తిడి కూడా తగ్గుతుంది. మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో అనుమతించి ఉంటే నిమ్మ ఉప్పు కలిపిన నీటితో ఆ సున్నాన్ని తొలగించవచ్చు. ప్రతిసారీ గొట్టంలోని నీటిని ముందుగా వదిలేసి, పొడి ఆవిరి మొదలైన తరువాతే పాలలో పెట్టండి.

పటమట వాసి:
అందరికీ ధన్యవాదాలండీ. తొడుగులోని రంధ్రం నిజంగానే పూడుకుపోయి ఉంది. శుభ్రం చేసి, టోన్డ్ పాలు వాడితే నురగ సన్నగా, చిక్కగా వచ్చి చివరి గుక్క వరకు నిలిచింది. అయితే అదే ప్యాకెట్‌లో మిగిలిన పాలు రెండు రోజుల తరువాత అంత బాగా పొంగలేదు.

బ్రాడీపేట వాసి:
పాలు నిల్వ ఉన్నకొద్దీ వెన్న విచ్ఛిన్నమై ఫ్యాటీ ఆమ్లాలు విడుదలవుతాయి, అవి నురగను అణిచేస్తాయి. అర లీటరు బదులు చిన్న ప్యాకెట్ తీసుకుని, మిగిలినవి కాచి తోడు పెట్టేయండి.