దర్జీ పీలికలతో మూసీ గోడచిత్రం: కసిమి నలుపు, జిగురు, రాగితీగ

నీలిదారం (మాసాబ్‌ట్యాంక్):
మూసీ మీద పెద్ద గోడచిత్రం కుడుతున్నాను. బట్టంతా కోఠి, సుల్తాన్‌బజార్ దర్జీ కొట్లలో ఊడ్చి పారేసే పీలికలే. నీటి చారల కోసం రాగితీగ అల్లుతున్నాను. నది నలుపుకు రసాయన రంగు వద్దనుకుని కరక్కాయ, కసిమి (ఇనుము పులియబెట్టిన నీళ్లు) వాడాను. కొన్ని ముక్కలు కాటుకలా నల్లబడ్డాయి, కొన్నింటికి అసలు రంగే అంటలేదు. అన్నిటినీ చెక్క మీద జిగురుతో అంటించేస్తే పని తేలికవుతుందని స్నేహితుల సలహా. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

పోగుబంతి:
రంగు అంటనివి పాలిస్టర్ ముక్కలు కావచ్చు. ఒక పోగు లాగి పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది.

పాతచీర (పాత బట్టలు బాగుచేస్తుంటాను):
దయచేసి జిగురు జోలికి వెళ్లకండి. చాలా రకాల జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరిగి పెళుసుబారుతుంది. అప్పుడు ఒక్క ముక్క పాడైనా దాన్ని విడదీయడం మా వల్ల కూడా కాదు. మొత్తం చెత్తకుండీకే. పారేసిన బట్టకు మళ్లీ ప్రాణం పోయాలనుకునే మీకు అది తగదు. పాత నూలు చీరను మడతలుగా పరిచి, దాని మీద బొంత కుట్టినట్టు కుట్టండి. పాడైన చోట కుట్టు విప్పి మరో ముక్క వేసుకోవచ్చు.

ఘనాలో పుట్టి నైజీరియాలో దశాబ్దాలు పనిచేసిన శిల్పి ఎల్ అనాట్సుయ్ మద్యం సీసాల మూతలను రాగితీగతో ముడివేసి గోడంత తెరలు తయారుచేస్తారు. వాటిని మడిచి తీసుకెళ్లవచ్చు, వేలాడదీసినప్పుడల్లా మడతలు మార్చుకోవచ్చు. 2015లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శన ఆయనకు జీవిత సాఫల్య స్వర్ణసింహం పురస్కారం ఇచ్చింది. ఆ తెరలను దగ్గరగా చూస్తే, మూతలను కలిపి ఉంచేది జిగురు కాదు, ముడే.

ఇక కసిమి. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెడతాం కదా, ఆ ఇనుము కరక్కాయ వగరుతో కలిస్తేనే నలుపు వస్తుంది. అదే ఇనుము మోతాదు మించితే నూలును తినేస్తుంది. పాత కలంకారీ గుడ్డల్లో నల్లని గీతల వెంబడే ముందుగా చిరుగుపడటానికి కారణం ఇదే. కసిమి పలచగా కలుపుకోండి, నలుపు చాలకపోతే మళ్లీ కరక్కాయలో ముంచి మళ్లీ కసిమి పట్టించండి, చివర్లో బాగా జాడించండి. పసుపు కొమ్ముల రంగు మాత్రం వద్దు, ఎండ తగిలితే ఇట్టే వెలిసిపోతుంది. దానిమ్మ తొక్క, పటికతో వచ్చే పసుపు దానికన్నా నిలుస్తుంది.

నీలిదారం:
ఎంత మేలు చేశారండీ! జిగురు మానేశాను. వానాకాలంలో రాగితీగ చిలుము పట్టి బట్టకు పచ్చమరకలు అంటుతాయా?

పాతచీర:
ఉత్త తీగైతే అంటవచ్చు. రాణిగంజ్ వైపు మోటార్ల వైండింగ్ దుకాణాల్లో మిగిలిపోయిన తీగ ముక్కలు అడగండి. ఆ తీగకు వార్నిష్ పూత ఉంటుంది, చెమ్మ అంత తొందరగా పట్టదు. కాలిపోయిన మోటారు నుంచి విప్పిన తీగ మాత్రం తీసుకోకండి, దాని పూత పోయి ఉంటుంది. కోసిన కొనల దగ్గరా పూత ఉండదు కాబట్టి వాటిని వెనక్కి మడిచి, బట్టకు తగలకుండా చిన్న నూలు గుడ్డ చుట్టండి. బరువంతా రెండు మేకుల మీద పడకూడదు. పైఅంచు పొడవునా గొట్టంలా కుట్టి కర్ర దూర్చి వేలాడదీయండి.