అమ్మ వేలిముద్ర పడట్లేదు, డబ్బులు తీసేదెలా?

పల్లెటూరోడు: మా అమ్మకి 72 ఏళ్లు, ఊళ్ళో బ్యాంకు లేదు, మండలానికి ఆటోలో పోవాలి. ఊళ్ళో బ్యాంకు తరఫున వేలిముద్ర వేయించుకుని డబ్బులిచ్చే కస్టమర్ పాయింట్ ఉంది గానీ జీవితమంతా నాట్లు, కలుపులు చేసిన చేతులు కదా గీతలు అరిగిపోయి మిషన్‌లో పడట్లేదు, పైగా ఆ పాయింట్ నడిపే అతను వెయ్యికి 20 తీసుకుంటున్నాడు, నేనేమో హైదరాబాద్‌లో ఉంటా. ఏం చేయాలి?

సిరి_కరీంనగర్: ముందు ఆధార్ సెంటర్‌లో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించండి అన్నా. తర్వాత పోస్ట్‌మ్యాన్‌ని అడగండి, ఖాతా వేరే బ్యాంకులో ఉన్నా ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ తరఫున ఇంటికొచ్చి డబ్బులిస్తారు, వేలిముద్ర బదులు ముఖం చూపించే పద్ధతి కూడా 2025లో తెచ్చారు.

పాత కాపు: 70 దాటినోళ్ళకి ఇంటి దగ్గరే సేవలివ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే చెప్పింది. అడగందే ఎవరూ రారు, బ్రాంచ్‌లో లెటర్ పెట్టండి. ఆ 20 మాత్రం ఇవ్వకండి, వాళ్ళకి కమీషన్ బ్యాంకే ఇస్తది, కస్టమర్ దగ్గర తీసుకోకూడదు.

పల్లెటూరోడు: గొడవైతే అమ్మకి ఊళ్ళో ఉన్న ఆ ఒక్క పాయింటూ పోతుందని భయం అండి. పోస్ట్‌మ్యాన్ తెలిసినాయనే, రేపే ఫోన్ చేస్తా.

సిరి_కరీంనగర్: స్లిప్ అడిగి తీసుకోమనండి, మర్చిపోవద్దు.